తంగేడుకు సెలైన్ ఎక్కించిన సిస్టరమ్మ

పోయిన వారం ఖమ్మంలో ఒక మందుల షాపు ముందు నిలబడ్డాను. కౌంటరు మీద వరసగా పచ్చ డబ్బాలు పేర్చి ఉన్నాయి. వాటి మీద పసుపు పూల బొమ్మ, కింద "తంగేడు పూల టీ, షుగర్‌కు ప్రకృతి వరం" అని అక్షరాలు. నా ముందున్న పెద్దమనిషి ఒక డబ్బా అందుకుని మూత కూడా తీయకుండా వాసన చూస్తున్నాడు. నేను వెనక్కి జరిగాను. నేను పశువుల దవాఖానలో కాంపౌండరును. పురుగులు పడ్డ గిట్టలు కడిగిన చేతులివి. ఈనలేక అల్లాడే బర్రె దగ్గర మోచేతిదాకా తడిసి, ఇంటికొచ్చి స్నానం చేసి సుబ్బరంగా అన్నం తిన్న మనిషిని. పేడా, చీమూ నన్నేమీ చెయ్యవు. మనుషుల పనులే నాకు కంపరం పుట్టిస్తాయి. ఆ డబ్బా చూడగానే సిస్టరమ్మ గుర్తొచ్చింది, ఆమెతో పాటే చర్చి సంఘం పెద్దయ్యా గుర్తొచ్చాడు. మందులు తీసుకోకుండానే వచ్చేశాను.

ఏన్కూరులో నేను కిరాయికి ఉన్న ఇంటి ఓనరు సిస్టరమ్మ. ముందు భాగంలో ఆమె, పక్క పోర్షనులో నేను. భద్రాచలం వైపు అడవి ఊళ్ళ దవాఖానల్లో నర్సుగా చేసి చేసి రిటైరై వచ్చింది. అసలు పేరు ఉండే ఉంటుంది, ఎవరూ పిలవగా వినలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకమ్మా అని అడిగిన వాళ్ళకు ఒకటే జవాబు.

"వార్డుల మొగోళ్ళని రోజూ చూసిన. చాలదా?"

ఆమె నోట్లో ఎప్పుడూ ఒక "ఛీ" సిద్ధంగా ఉండేది. కాఫీలో మీగడ తేలితే ఛీ, టీవీలో సీరియల్ అత్త ఏడిస్తే ఛీ, పెళ్ళి పత్రిక మీద సెంటు చల్లి ఇస్తే ఛీ. ఇంటికెవరొచ్చినా మొహం కంటే ముందు గోళ్ళు చూసేది. "చేతులు చూపియ్" అనేది. పాలవాడు చూపించాడు, కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి చూపించాడు, ప్రార్థన చెయ్యడానికొచ్చిన పాస్టరుగారు కూడా నవ్వుకుంటూ రెండు చేతులూ తిప్పి చూపించాడు. నేను దవాఖాన నుంచి రాగానే గేటు దగ్గరే ఆపి, "ఓ బర్ల డాక్టరమ్మా, ఆ చేతులతోటి గొళ్ళెం ముట్టకు" అని మగ్గుతో నీళ్ళు పోసేది. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఆ నీళ్ళ కోసమే చేతులు చాపుకుని వచ్చేదాన్ని.

మా గేటు రోడ్డు మీదికే. తల్లాడ పోయే ఆటోలు అక్కడే ఆగేవి. ఆటో కోసం నిలబడ్డ ప్రతి మగవాడూ మా గోడకు గుట్కా ఊసేవాడు. గోడ పొడుగునా ఆ ఎర్రటి చారలు చూసి చూసి ఆమెకు విసుగొచ్చింది. గోడకు అడ్డంగా పూలచెట్లు పెడతానంది. కడియం నుంచి మొక్కల బండి వస్తుంది కదా, గులాబీలు తీసుకోమన్నాను.

"ఛీ, గులాబీకి దినాం మందులు కొట్టాలె. దినాం మందులడిగే పేషెంటు నాకొద్దు. తంగేడు పెడ్త. అది ఎవర్నీ నీళ్ళడగది."

టీకాల డబ్బా భుజాన వేసుకుని అడవి ఊళ్ళకు నడిచినన్నాళ్ళూ బాటకు రెండు పక్కలా తంగేడే అట. ఎండలకు అన్నీ మాడిపోయినా అది పచ్చగానే ఉండేదట, మేకలు కూడా ముట్టేవి కావట. ఎవరి జోలికీ పోకుండా బతికే ఆ చెట్టు తీరు ఆమెకు నచ్చింది. కానీ ఇంటి ముందు తంగేడు పెట్టుకున్న వాళ్ళని మా ఏన్కూరులో నేను చూడలేదు. బీడులో మొలిచే చెట్టుకు గేటు దగ్గర జాగా ఏందని ఊరంతా నవ్వింది.

ఊరు నవ్విందని కాదు గానీ, ఆమెకు చెట్ల సంగతి ఏమీ తెలియదు. అడవి అంచు నుంచి పెరిగిన చెట్టునే తవ్వించి, ఆటోలో పడుకోబెట్టి తెచ్చింది. మర్నాటికే అది తలవాల్చింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చెట్టు పక్కన కర్ర పాతి ఉంది, కర్రకు సెలైన్ బాటిల్ తలకిందులుగా వేలాడుతోంది, పైపు మొదట్లోకి దింపి ఉంది.

"ఇదేంది సిస్టరమ్మా?"

"కనపడ్తలేదా? డ్రిప్పు."

"చెట్టుకా?"

"లోపల మంచినీళ్ళేలే. చుక్కచుక్క పోతయ్. డీహైడ్రేషన్ అయ్యింది దీనికి."

మా దిక్కున తుమ్మొచ్చినా సెలైన్ ఎక్కించకపోతే దవాఖానకు పోయినట్టే లెక్క కాదు. "సెలైనేమన్న పాయసమా, వచ్చినోళ్ళందరికి పొయ్యనీకి?" అని నౌకరీ చేసినంతకాలం జనాన్ని తిట్టిన మనిషి, తన చెట్టు దగ్గరికొచ్చేసరికి అదే పని చేసింది. పగలంతా పైపుకున్న చక్రం తిప్పుతూ చుక్కల వేగం సరిచేసేది. నీళ్ళంటేనే పడని చెట్టు అది, వేళ్ళు కుళ్ళి చచ్చిపోయింది. ఆమె దాన్ని పీకి, వేరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "గ్యాంగ్రీన్" అంది. ఇంకొకటి తెప్పించి పాతింది. దానికీ డ్రిప్పే, అదీ పోయింది. ఇక కోపమొచ్చి, చెట్టుతో పాటు వచ్చిన ఎండుకాయల్ని గేటు పక్కన కంకర కుప్ప మీద విసిరికొట్టి లోపలికిపోయింది.

నేను రోజూ అన్నం వార్చిన గంజి పారబోసేది ఆ కంకర మీదే. సలసలా కాగే గంజి. వానలు పడ్డాక ఆ రాళ్ళ సందుల్లోంచి మొలకలు లేచాయి. వేడి తగిలితే తప్ప ఆ గింజ పెంకు మెత్తబడదని తర్వాత ఎక్కడో విన్నాను. మా ఇద్దరిలో ఎవరికీ అప్పుడు తెలియదు. చెట్టు నా గంజి వల్ల వచ్చిందని నేను, విసిరింది నేనైతే గంజేంది మధ్యల అని ఆమె, చివరిదాకా కొట్లాడుకున్నాం. "ఛీ, నీ గంజి" అనేది. ఆ తర్వాత నీళ్ళు పొయ్యలేదు, ఎరువు వెయ్యలేదు. తంగేడు గోడ దాటి పెరిగింది.

దాన్ని చూసుకునే పద్ధతి కూడా దవాఖాన పద్ధతే. పసుపు సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెట్టిపోతే, ఆకుల మీద పచ్చ పురుగులు బారులు తీరేవి. చూస్తే నాకే ఒళ్ళు జలదరించేది. ఆమె ఫోర్సెప్స్ తెచ్చి ఒక్కో పురుగునూ నడుము దగ్గర పట్టి డబ్బాలో వేసి, పక్కింటి కోళ్ళకు పంపేది. పూలయిపోయాక కొమ్మలు కత్తిరించడానికి ముందు కత్తెరను స్పిరిట్‌తో తుడిచేది. ఆకుల మీద గుట్కా పడితే తడి గుడ్డతో రెండు వైపులా తుడిచేది, మంచం పట్టిన మనిషి వీపు తుడిచినట్టు.

ఒకరోజు ఆటో డ్రైవరొకడు ఆమె చూస్తుండగానే పూలగుత్తి మీద పచక్కుమని ఊశాడు. ఆమె లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి వాడి మొహం ముందు పట్టుకుంది.

"తుడు."

వాడు నవ్వి ఆటో స్టార్ట్ చేశాడు. ఈమె పోయి ఆటోకు ఎదురుగా నిలబడింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. జల్దీ పోనియ్యవయ్యా అని వాళ్ళు, జరుగమ్మా అని వీడు. ఆమె కదిలితేనా! చివరికి వాడు దిగి, గొణుక్కుంటూ పూలు తుడిచాడు.

"వెనుక దిక్కు గుడ్క" అంది.

వెనకవైపు కూడా తుడిచాడు. ఆ గుడ్డను ఆమె వేళ్ళ కొనలతో పట్టుకుపోయి పొయ్యిలో వేసింది.

ఆటోవాణ్ణి గెలిచింది గానీ బతుకమ్మను గెలవలేకపోయింది. నేను బతుకమ్మ ఆడేదాన్నే, పువ్వుల పండుగ మీద నాకేం కోపం ఉంటుంది? కానీ మా ఆడవాళ్ళు తంగేడు కోసే తీరు చూస్తే సిగ్గేసేది. "పూలు కోసుకోండ్రి తల్లీ, కొమ్మలు ఇరవకుండ్రి" అని ఆమె కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె ఇటు తిరగ్గానే అటు ఫట్‌మని కొమ్మ విరిగేది. బీడుల్లో తంగేడు తగ్గిపోయింది, ఉన్నదాన్ని మోపులు కట్టి టౌనుకు పంపుతున్నారు, అందుకని ఊరంతా మా గోడ మీదే. ఒక ఏడు ఒకామె సగం చెట్టు చంకన పెట్టుకుని పోతూ, "మీకు పండుగే లేకపాయె, పూలకు గింత పీనాసితనమేంది సిస్టరమ్మా" అనేసి పోయింది. దొంగతనం చేసి, పైగా ఇంటావిడకే సుద్దులు! మర్నాడు సిస్టరమ్మ చీలిన కొమ్మల కొసలన్నీ కత్తెరతో నున్నగా కోసింది. నేను సాయం పట్టాను.

వీళ్ళు ఇట్లా ఉంటే చర్చివాళ్ళు ఇంకో రకం. సిస్టరమ్మ ఇంటి ముందర బతుకమ్మ పూలచెట్టు పెంచుతోంది, హిందువులామె కిరాయికి చేరి ఈమెను మళ్ళిస్తోంది అని గుసగుసలు. ఆ హిందువులామెను నేనే. విచారణకు సంఘం పెద్దయ్య వచ్చాడు. చర్చిలో పాస్టరుగారి మాట కంటే ఈయన మాటే చెల్లుతుంది. ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిలు సంచీ.

"విశ్వాసి ఇంటిముందట గీ చెట్టేంది అక్కా? చూసేటోళ్ళు ఏమనుకుంటరు?"

"దేవుడు చెట్లను ఏ రోజు చేసిండు?"

"మూడోరోజు."

"ఆ రోజు బతుకమ్మ ఉన్నదా?"

పెద్దయ్య దగ్గి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు ఆయనే మళ్ళీ వచ్చాడు, పొద్దున్నే, చేతిలో నల్ల కవరుతో. ఆయనకు షుగర్. తంగేడు పూలు కాచి తాగితే షుగర్ దిగుతుందని ఫోన్లో ఎవరో వీడియో పంపారట. అప్పటి నుంచి రోజూ అదే వేళకు గేటు చప్పుడు. చూసేవాళ్ళు ఏమనుకుంటారన్న బెంగ ఎటు పోయిందో! పూలు కాచిన నీళ్ళు ఫ్లాస్కులో పోసుకుని చర్చికి కూడా తెచ్చుకునేవాడని సిస్టరమ్మే చెప్పింది.

"మొగ్గలు ముట్టకు, ఇచ్చుకున్నయే కొయ్యి. తాగితే తాగు గని గోలీలు ఆపకు. ఆపినవంటే కాలు తీస్తరు."

ఆయన ఆపనే ఆపాడు. పువ్వు ఉండగా గోలీ ఎందుకనుకున్నాడు. ఆ వానాకాలం బొటనవేలు పక్కన పుండు లేచింది. ఖమ్మం పోతే కాలు కోస్తారని భయపడి, ఇంట్లో కూడా చెప్పకుండా మా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. సిస్టరమ్మ ముందు తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. గోలీలు మళ్ళీ మొదలుపెట్టించి, పెద్ద డాక్టరు దగ్గరికి తనే వెంటబెట్టుకుని పోయింది. తర్వాత వానలు పడ్డన్నాళ్ళూ రోజూ ఆయన పాదాన్ని స్టూలు మీద పెట్టించుకుని కట్టు మార్చింది. ఆ పుండు వాసనకు నేనే మొహం తిప్పుకునేదాన్ని. ఆమె ఒక్కరోజు కూడా ఛీ అనలేదు. నాకు ఆమె అంటే ప్రాణం పెట్టేంత ఇష్టం కలిగింది అప్పుడే.

పుండు మానిన రోజే, అదే వరండాలో తన చివరి కోరిక చెప్పింది. ఖమ్మం నుంచి ఆమె తమ్ముడి కొడుకు కూడా వచ్చి ఉన్నాడు. పెద్దయ్య ఆమెకు థాంక్స్ చెప్పి, దండ వెయ్యబోయాడు. బంతిపూల దండ. ఆమె ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది.

"ఛీ, తీసెయ్. దవాఖానల పీనుగులకు కట్టిచ్చి పంపినన్ని రోజులు ఇదే కంపు. బంతిపూల వాసనొస్తే నాకు పీనుగే కనపడ్తది. ఇగో, ముగ్గురు ఉన్నరు, ఇనుండ్రి. నేను పోయినంక నా పెట్టె మీద బంతిపూలేస్తే లేచి కూసుంట. నా తంగేడు పెట్టుండ్రి. ఇంకేం అడగ."

"అవ్ అక్కా. నీ మాట తప్పుతమా?" అన్నాడు పెద్దయ్య. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆమె ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చునే పోయింది. గుండెపోటు. బతుకమ్మ వెళ్ళిపోయి, విరిగిన చోటల్లా కొత్త కొమ్మలు వేసి, చెట్టు మళ్ళీ నిండుగా పూసి ఉంది. తమ్ముడి కొడుకు వచ్చాడు, తల్లాడ వైపు నుంచి నలుగురైదుగురు పాస్టర్లు వచ్చారు. పెట్టె వరండాలో పెట్టారు. నేను ఆమె కత్తెరతోనే, విచ్చుకున్న గుత్తులు మాత్రమే ఏరి కోసి, ఒడినిండా పట్టుకొచ్చాను. పెట్టె దగ్గరికి పోయేసరికి పెద్దయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, అవేంది?"

"సిస్టరమ్మ అడిగినయ్. మీకెరుకే కదా."

"ఇది బతుకమ్మ కాదమ్మా, భూస్థాపన. గింతమంది దైవసేవకులొచ్చిన్రు. అన్యుల పండుగ పూలు పెట్టె మీద పెడితే సంఘం ఇజ్జత్ ఏం గావాలె?"

నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి మీ ఫ్లాస్కుల ఉన్న పూలేంది పెద్దయ్యా?"

"అది మందు. గిది వేరే. తేడా తెల్వదా?" అన్నాడు. ఎంత నింపాదిగా అన్నాడంటే, పక్కనున్న పాస్టరు తల కూడా ఊపాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారే, అది ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని నా ముందు నిలబడింది. నేను ఇంకేదో అనబోతే తమ్ముడి కొడుకు నా మోచెయ్యి పట్టి పక్కకు లాగాడు. "అక్కా, నీకు దండం పెడ్త. బొందపెట్టే జాగా సంఘానిది. ఇప్పుడు లొల్లి అయితే అత్తమ్మను ఏడికి తీస్కపోవాలె?" అన్నాడు. వాడి మొహం చూసి నోరు మూసుకున్నాను.

పెట్టె మీద బంతిపూల దండలు వేశారు, ఒకదాని మీద ఒకటి. వాటి మీద ప్లాస్టిక్ పూలచక్రం పెట్టారు. వరండా అంతా ఆ కంపే. లేచి కూర్చుంటానంది కదా, లేవలేదు. నా ఒడిలో పూలు గేటు దగ్గర దించాను. పెట్టెను మోసుకుపోయేవాళ్ళు వాటిని తొక్కుకుంటూ పోయారు. వాళ్ళ వెనక బైబిలు సంచీతో పెద్దయ్య పాట ఎత్తుకుని పోతున్నాడు. అంత అసహ్యం నాకు ఏ కుళ్ళిన పుండు దగ్గరా కలగలేదు.

తమ్ముడి కొడుకు తాళంచెవి నా చేతిలో పెట్టి ఖమ్మం వెళ్ళిపోయాడు. రెండు రోజులు గడిచాయి. ఆ మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. పెద్దయ్య. చేతిలో నల్ల కవరు.

ఏం మనుషులు వీళ్ళు! ఇంత తొందరగానా!

"జర గేటు తీస్తవా అమ్మా. అక్క దినాం ఇస్తుండె కదా."

"అక్క ఉన్నప్పుడు."

ఆయన నేల చూపులు చూశాడు. చొక్కా నలిగి ఉంది, మొహం పీక్కుపోయింది. "ఎన్నో ఏండ్ల అలవాటు. తాగకపోతే పానం కుదుట పడ్తలేదు" అన్నాడు.

నేను గేటు తీశాను.

"కొయ్యండి. మొదలు కోసినయి తీస్కపోయి ఆమె మీద పెట్టి రాండి. వచ్చినంక మీ మందు మీరు కోసుకపోండి. రేపటి నుంచి నేను అడ్డం రాను."

ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆటో ఒకటి ఆగి ఉంది, నలుగురు ఎక్కుతున్నారు.

"ఎవరన్న చూస్తే?"

"మందని చెప్పండి."

పోతాడనుకున్నాను. పోలేదు. చెట్టు దగ్గరికొచ్చి కొయ్యడం మొదలుపెట్టాడు. మొగ్గలు ముట్టలేదు, కొమ్మ విరవలేదు, ఆమె నేర్పినట్టే కోశాడు. కవరు నింపి, పైన తువ్వాల కప్పి, సమాధుల తోట దారి పట్టాడు. కొంతసేపటికి ఉత్త చేతులతో తిరిగొచ్చి, జేబులోంచి ఇంకో కవరు తీసి తన పూలు కోసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ పూట ఆయన మీద కోపం కొంచెం చల్లారింది. పోనీ, మాటైతే దక్కించాడు అనుకున్నాను.

సాయంత్రం డ్యూటీ నుంచి అటే పోయాను. కొత్త మన్ను మీద బంతిపూలు నల్లబడి, ముద్దలు కట్టి, ఈగలు ముసిరి ఉన్నాయి. ప్లాస్టిక్ చక్రం ఒక పక్కకు ఒరిగింది. తంగేడు పువ్వు ఒక్కటి కూడా కనపడలేదు. చుట్టూ తిరిగి చూస్తే, తలవైపు సిలువ కర్ర వెనకాల ఆ నల్ల కవరు ఉంది. నిండుగా ఉంది. లోపల ఏముందో దారిన పోయేవాళ్ళకు తెలియకుండా మూతి బిగించి కట్టేసి ఉంది.

ఎండకు లోపలంతా ఆవిరి పట్టింది. మన్నులో కూర్చుని ముడి విప్పబోయాను. గోళ్ళకు లొంగలేదు. ఒకదాని మీద ఒకటి రెండు ముళ్ళు వేశాడు. పంటితో లాగి విప్పాల్సి వచ్చింది.